వైఫై పెట్టెకు గౌను

4వ తేదీ, సోమవారం. ఉదయం 6.10
తాతనయ్యాను! ఆడపిల్ల! మూడు కిలోల నూటయాభై గ్రాములు! తల్లీబిడ్డా క్షేమం. జుట్టు ఒత్తుగా ఉందట. నా కాళ్లు నేల మీద ఆనడం లేదు. కంగారులో పెన్ను దొరక్క, గుడ్డ మీద గీతలు గీసుకునే సుద్దతో ఈ పేజీ మొదలుపెట్టాను. ఇప్పుడు దొరికింది. చెవి మీదే ఉంది.

11.00
ఆసుపత్రికి వెళ్లి చూసొచ్చాం. పిడికిలి కోటు బొత్తామంత! నా వేలు పట్టుకుంది. వదల్లేదు. నేనూ లాక్కోలేదు.

అమ్మాయి అంది: "ఆదివారం పంపిస్తారు నాన్నా. రెండు నెలలు మీ దగ్గరే ఉండాలని ఉంది. కానీ మీ ఇంట్లో నెట్ నిలబడాలి. ఆయన బస్సు ఆపిన చోటల్లా పాపను చూసుకోవాలి కదా. లేదంటే మా ఇంటికే పోతాను."

న్యాయమే. అల్లుడు దూరప్రయాణాల బస్సు డ్రైవరు. వారంలో ఐదు రోజులు రోడ్డు మీదే. పోయిన వారమే వచ్చి ఉయ్యాల పైన కెమెరా, మూడు దీపాలు, పిలిస్తే పలికే డబ్బా ఒకటి బిగించి వెళ్లాడు. హాల్లో వైఫై పెట్టె ఉంది. దాని మాట అందితే అన్నీ పనిచేస్తాయి, అందకపోతే ఏదీ చేయదు. అతను ఉన్న రోజు అన్నీ పనిచేశాయి. మర్నాటి నుంచే పేచీ.

నా ప్రతిజ్ఞ:
ఒకటి. ఆదివారం లోపు నేనే బాగుచేస్తాను. మెకానిక్కుని పిలవను. నలభై ఏళ్లు దర్జీ పని చేశాను. ఎన్ని కుట్టు మిషన్లు విప్పి బిగించలేదు! ఇదెంత!
రెండు. గోడ స్విచ్చులు ముట్టుకోను. అక్కడ ఆపేస్తే బల్బుకు కరెంటే అందదు, ఇక ఫోను మాట ఏం వింటుందని అల్లుడు మరీమరీ చెప్పాడు.
మూడు. ఇందులో అబద్ధం రాయను.

పెట్టెలో మాత్రం దోషం ఉండదు. అల్లుడు వెళ్లిన మర్నాడే దానికి గౌను కుట్టాను. నీలం గుడ్డ, తెల్ల పైపింగు, లోపల ఇస్త్రీ బల్లకు వేయగా మిగిలిన వెండిరంగు లైనింగు. కొమ్ముల్లాంటి యాంటెన్నాలు రెండూ మడిచి లోపలికి సర్దాను. దుమ్ము కాదు కదా, గాలి కూడా దూరదు! మా బావమరిది ఇంటి పెట్టెకూ ఒకటి కుట్టి పంపాను.

సాయంత్రం అతనికి శుభవార్త చెబుదామని వీడియోలో పిలిచాను. వాళ్ల వీధిలో ఫోను సిగ్నల్ అందదు, ఇంటి వైఫైలోనే దొరుకుతాడు. దొరకలేదు. పనిలో ఉన్నాడేమో.

5వ తేదీ, మంగళవారం. 7.00
"వంటింటి దీపం వెలిగించు" అన్నాను డబ్బాతో.
"క్షమించండి. ఆ పరికరం స్పందించడం లేదు" అంది.
ఎంత మర్యాద! నలభై రెండేళ్ల కాపురంలో మా ఆవిడ నోటి నుంచి ఆ మాట ఒక్కసారి రాలేదు.
"ఏవండీ, క్షమించమనాల్సినంత పని నేనేం చేశానని?" అంది ఆవిడ వంటింట్లోంచి. అని బయటికొస్తూ టక్కున గోడ మీద స్విచ్చు ఆపేసింది. అలవాటు! దొంగ దొరికిందనుకున్నాను.

మధ్యాహ్నం కూర్చుని స్విచ్చులన్నిటికీ ముసుగులు కుట్టాను. పదకొండు ముసుగులు. ఇక చూస్కో!

6వ తేదీ, బుధవారం. 11.20
వచ్చింది! కెమెరా వచ్చింది! ఫోన్లో ఖాళీ ఉయ్యాల స్పష్టంగా, దుప్పటి మీద పువ్వులతో సహా కనబడుతోంది. దీపాలు మూడూ చెప్పిన మాట వింటున్నాయి. కారణం నాకు తెలుసు. ఉదయం కెమెరాను నాలుగంగుళాలు ఎడమకు జరిపాను. అదీ అనుభవమంటే!

మా ఆవిడ ఇవాళ ఉతుకుడు పెట్టుకుంది. టీవీది, మిక్సీది, పెట్టెది, నేను కుట్టిన గౌన్లన్నీ తీగ మీద వరసగా ఆరుతున్నాయి. చూడముచ్చటగా ఉంది.

అమ్మాయికి ఫోను చేశాను. "అయిపోయింది తల్లీ! ఒక్కణ్నే!"
"నిజంగానా నాన్నా?" అని ఏడ్చింది. సంతోషంతోనే. నేనూ ఏడ్చాను. అదీ సంతోషంతోనే.

సాయంత్రం 6.00. గౌన్లన్నీ ఇస్త్రీ చేసి ఎక్కడివక్కడ తొడిగాను.

7వ తేదీ, గురువారం. 6.30
లేదు. ఉయ్యాల లేదు, పువ్వులు లేవు, ఏమీ లేదు. మబ్బు పట్టింది. అందుకే అయ్యుంటుంది.

9.00. మబ్బు విడిచింది. నెట్ రాలేదు. కెమెరాను కుడికి జరిపాను. ఎడమకు జరిపాను. స్టూలెక్కి చేత్తో పట్టుకుని నిలబడ్డాను.
"అలా రెండు నెలలు నిలబడతారా?" అంది మా ఆవిడ.

రాత్రి 7.30. ఒక్కసారి ముసుగెత్తి గోడ స్విచ్చు ఆపి మళ్లీ వేశాను. చీకట్లో సూదికి దారం ఎక్కదు కదా. దీన్ని ముట్టుకోవడం అనరు. పరీక్షించడం అంటారు.

8వ తేదీ, శుక్రవారం
పరీక్షలు: పద్నాలుగు.
రెండో నియమంలో చిన్న సవరణ: గోడ స్విచ్చులు కుడిచేత్తో ముట్టుకోను.

పెట్టెలోకి దుమ్ము దూరిందేమోనని గౌనుకు రెండో లైనింగు వేశాను. డబ్బా ఇప్పుడు క్షమించండి అని కూడా అనడం లేదు. మూగబోయింది.

బావమరిది ఇంకా దొరకలేదు. "మా తమ్ముడికి కోపమొచ్చిందేమో. మీరేమైనా అన్నారా?" అని మా ఆవిడ నన్ను నిలదీసింది.

5.00. అమ్మాయి ఫోను. "సామాను సర్దుతున్నాను నాన్నా. ఎక్కడికి సర్దమంటావ్? మీ ఇంటికా, మా ఇంటికా?"
రేపు చెప్తానన్నాను. వెళ్లి ఉయ్యాల పక్కన కాసేపు కూర్చున్నాను. ఖాళీ ఉయ్యాల ఊపకూడదంటారు. ఊపలేదు. చెయ్యి మాత్రం వేశాను.

9వ తేదీ, శనివారం. 8.00
ఓడిపోయాను. మెకానిక్కుకు ఫోను చేశాను. వచ్చింది ఒకావిడ. మెకానిక్కుని పిలవనన్నానే గానీ మెకానికమ్మను పిలవనని ఎక్కడా రాయలేదు.

ఆవిడ హాలంతా కలియజూసి, "పెట్టె ఎక్కడ బాబాయ్?" అంది.
"నీ వెనకాలే ఉందమ్మా."
"వెనకాల దిండే కదా ఉంది!" అంటూ నడుము ఆనించబోయింది. మా ఆవిడ "అయ్యో, అయ్యో!" అని పట్టుకుని ఆపింది.

మెకానికమ్మ గౌను తీసింది. లైనింగు వేళ్లతో తడిమింది. ఒకటి కాదు, రెండు. "ఇదెవరు కుట్టారు?"
"నేనే!" అన్నాను, ఛాతీ విరుచుకుని.
"కుట్టు బంగారం బాబాయ్. కానీ లోపలున్నది వెండిపూత గుడ్డ. పాపం, ఇది లోపల్నుంచి అరుస్తోంది. ఒక్క ముక్కా బయటికి రావట్లేదు. పైగా ఒళ్లు కాలిపోతోంది, చెయ్యి వేసి చూడండి!"

వేశాను. పసిపిల్లకు జ్వరమొచ్చినట్టుంది.

కొమ్ములు నిలబెట్టిందో లేదో, నిన్నటి మౌనవ్రతం చాలించి డబ్బా పలికింది. ఫోన్లో ఉయ్యాల, పువ్వులు!

మా ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుంది. "నేను గౌను ఉతికిన రోజే కదండీ పనిచేసింది! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే!"
"కెమెరా నాలుగంగుళాలు జరపడం కూడా..." అన్నాను.
ఇద్దరూ ఒకేసారి నావైపు చూశారు.

8.45. అమ్మాయికి చెప్పాను: "మా ఇంటికే సర్దు తల్లీ."

10వ తేదీ, ఆదివారం. సాయంత్రం 5.00
పాప వచ్చింది! ఉయ్యాలలో ఉంది! గౌను విప్పి, లైనింగులు పీకేసి, నీలం గుడ్డ ఒక్కటే పాప దిండుకు తొడిగాను. కొలత వేయకుండానే అతికినట్టు సరిపోయింది.

ఇందాక అల్లుడు ఎక్కడో బస్సు ఆపి చూశాడు. సరిగ్గా అప్పుడే పాప ఆవలించింది. "మామయ్యా, చూశాను! నోట్లో నాలుక కూడా కనబడింది!" అని అరిచాడు. వెనకాల ప్రయాణికులు చప్పట్లు కొట్టడం వినబడింది.

కొత్త ప్రతిజ్ఞ, రేపు ఉదయం నుంచి: ఈ ఇంట్లో ఏ యంత్రానికీ గౌను కుట్టను. ముట్టుకుంటే వేడిగా ఉన్నదానికి అసలే కుట్టను. (కెమెరాకు చిన్న టోపీ ఇవాళే కత్తిరించాను కాబట్టి అది లెక్కలోకి రాదు. పల్చటి నూలు గుడ్డే. కంటి దగ్గర కాజా వదిలాను.)

పాప ఇంటికొచ్చిన సంగతి చెప్పాల్సినవాళ్లు:
పెద్దక్క. గట్టిగా చెప్పాలి, సరిగా వినబడదు. పాపది తన పోలికే అంటుంది. అననివ్వాలి.
వియ్యంకుడూ వియ్యపురాలూ. వాళ్లకు తెలుసు. అయినా మళ్లీ చెప్పాలి.
మా తమ్ముడు, మరదలు. పాప సంగతి మాత్రమే. గౌను సంగతి వద్దు.
పిన్ని కూతురు. ఈమెకు గౌను సంగతి చెబితే ఇక మిగతావాళ్లకు చెప్పక్కర్లేదు. కాబట్టి చివర్లో.
బావమరిది. అయ్యో, బావమరిది! పాపం, అతను అలగలేదు. వీడియోలో దొరకడు. రేపు పొద్దున్నే నేనే వెళ్లి, ముందు అతని పెట్టె గౌను విప్పి, తర్వాత చెప్పాలి.