ప్లేట్ మాట బయటికెలా పొక్కింది

జూన్ 3, సోమవారం

కొత్త మాట నాకే వచ్చింది. ప్లేట్.

పెద్దాయన ఖాళీ కార్డుల కట్ట నా బల్ల మీద పెట్టి, చిన్నమాటే కదా అని చులకనగా చూడకమ్మా, లాగేకొద్దీ వస్తుంది అన్నారు. మా ఎడిటర్‌ని మేమంతా పెద్దాయన అనే అంటాం. మేమంతా అంటే ఇద్దరమే, నేనూ టీచరమ్మా. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఆఫీసు అనగానే జనం పెద్ద బిల్డింగు ఊహించుకుంటారు. ఉన్నది రెండో అంతస్తులో ఒక గది, మూడు బల్లలు, ఎంత లాగినా మూతపడని ఒక కిటికీ.

ఇక్కడ పద్ధతి ఒక్కటే. ఏ అర్థమైనా ఆ పని చేసుకునే మనిషి నోట విని రావాలి. ఇంకో పుస్తకంలోంచి ఎత్తి రాస్తే పెద్దాయన ఆ కార్డు చింపి బుట్టలో వేస్తారు. అందుకే నా చెప్పులు ఆఫీసులో కన్నా బయటే ఎక్కువ అరుగుతాయి.

ఇవాళ ప్రెస్సుకీ, మెకానిక్ షెడ్డుకీ వెళ్ళాను. ప్రెస్సువాళ్ళకి ప్లేట్ అంటే అచ్చు వేసే పల్చటి రేకు. మెకానిక్‌కి క్లచ్ ప్లేట్. బండి లేకుండా షెడ్డుకి ఎందుకొచ్చానో అతనికి చివరిదాకా అంతుపట్టలేదు. టీ ఇప్పించి పంపాడు.

భోజనాల దగ్గర మా ఆయన, ఇవాళ ఏం మాట పట్టావు అని అడిగారు. ఈ మధ్య రోజూ అడుగుతున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో లేని శ్రద్ధ. ఎందుకో?

జూన్ 4, మంగళవారం

ఆయన చొక్కా జేబులు చూశాను. ఫోన్ కూడా చూశాను. ఏమీ లేదు. సిగ్గేసింది, కొంచెం.

జూన్ 5, బుధవారం

ఆయన్నే అడిగి ఒక కార్డు రాశాను. ఆయనది బ్యాటరీల షాపు. బ్యాటరీలో ప్లేట్ అంటే యాసిడ్‌లో మునిగి ఉండే సీసం పలక. అది అరిగిపోతే ఎంత చార్జ్ పెట్టినా లాభం లేదట. కార్డు కింద బ్యాటరీ మెకానిక్ అని రాశానుగానీ మా ఆయన అని రాయలేదు. నిజంగా నా మాట పుస్తకంలో వేస్తారా అని అడిగారు. కాసేపాగి మళ్ళీ అడిగారు. మొహం వెలిగిపోతోంది. షాపుకొచ్చే ఒక కారాయన కూడా మీ ఆవిడ చేసేది చాలా గొప్పపని అన్నారట. ఎవరో మంచివాడే.

ఇలాంటి మనిషినా నేను అనుమానించింది! ఆయన కడుపులో ఏ మాటా ఆగదు. గుట్టుగా ఏదైనా చేయడం ఆయన వల్లయ్యే పనేనా?

జూన్ 9, ఆదివారం, ఉదయం 7 గంటలు

ఒళ్ళు మండిపోతోంది.

ఇంకో కంపెనీవాళ్ళు కూడా నిఘంటువు వేస్తున్నారు. ఆదివారం పేపర్లో వారానికో మాట అని రుచి చూపిస్తున్నారు. ఈ వారం బెడ్. పోయిన నెల మా గదిలో నేను చేసిన మాట! పువ్వుల మడి, నది అడుగు, ఆస్పత్రి మంచం, అవన్నీ సరే, ఎవరికైనా తెలుస్తాయి. కానీ మెషీన్ కింద పోసే కాంక్రీటు దిమ్మ గురించి ఒక మేస్త్రీ నాతో అన్న మాట ఉంది. మెషీనుకి కూడా పరుపుండాలమ్మా, లేకపోతే నిద్రపట్టక ఊగిపోతుంది అన్నాడు. అక్షరం పొల్లుపోకుండా అదే మాట పేపర్లో!

మా పుస్తకం ఇంకా అచ్చుకే వెళ్ళలేదు. బయట ఎవరికీ తెలిసే దారి లేదు.

జూన్ 10, సోమవారం

పెద్దాయన పేపరు బల్లమీద పరిచి, మన గదిలో అలాంటివాళ్ళు ఎవరూ లేరు అన్నారు. ఇద్దరివంకా చూడకుండా అన్నారు.

ఆ మేస్త్రీ వాళ్ళకీ చెప్పుంటాడేమో అన్నారు టీచరమ్మ. చాలా త్వరగా అన్నారు. ముందే ఆలోచించి పెట్టుకున్నట్టు.

జూన్ 11, మంగళవారం

పెద్దాయన ప్లేటు ఫిరాయించారు. నిన్న ఎవరూ లేరన్న మనిషి, ఇవాళ నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు, కాస్త కనిపెట్టి ఉండమ్మా అన్నారు.

ప్లేటు ఫిరాయించడం ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ ఉండదు. అచ్చంగా మనవాళ్ళ సొంతం. కార్డు రాశాను. ఎవరి నోట విన్నావంటే నా నోటే.

ఇక టీచరమ్మ. బడిలో పాఠాలు చెప్పడం మానేశాక ఇక్కడికొచ్చింది. నాకు పనంతా నేర్పింది ఆవిడే. నాకు ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రిలో నా పక్కన కూర్చున్నదీ ఆవిడే. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల మీద డబ్బాలు విప్పుతాం. అవన్నీ నాకు తెలుసు. కానీ ఫోన్ వస్తే మెట్లమీదికి వెళ్ళి మాట్లాడుతుంది. నేను గదిలోనే మాట్లాడతాను కదా? రోజూ పెద్ద సంచీ తెస్తుంది. వెళ్ళేటప్పుడు అది ఇంకాస్త పెద్దగా కనిపిస్తుంది. ఇవాళ ఏమంటే, ప్లేట్ ఎక్కడిదాకా వచ్చిందే అమ్మాయ్ అని అడిగింది. ఎక్కడిదాకా వస్తే ఆవిడకెందుకు?

జూన్ 12, బుధవారం

ఉచ్చు వేశాను.

గొడుగులు బాగుచేసేవాళ్ళు, ఊచలన్నీ వచ్చి కలిసేచోట బిగించే గుండ్రటి రేకుబిళ్ళని ప్లేట్ అంటారు. ఇలా ఒక కార్డు రాశాను. అంతా కల్పన. ఏ గొడుగు మనిషీ అనగా వినలేదు. ఈ గదిలో దొంగ కార్డు రాయడమంటే గుళ్ళో చెప్పులేసుకు తిరగడమే. దాన్ని టీచరమ్మకి ఒక్కదానికే చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని రెండుసార్లు చదివింది. భలే పట్టావే అంది. పెద్దాయన చూడకముందే కార్డు నా సొరుగులో పెట్టి తాళం వేశాను. వచ్చే ఆదివారాల్లో ఎప్పుడైనా పేపర్లో గొడుగు తెరుచుకుందా, దొంగ దొరికినట్టే.

రాత్రి భోజనంలో ఆయన మామూలుగా అడిగారు. ఇవాళ కొత్తగా ఏమీ దొరకలేదు. అందుకని గొడుగు సంగతే చెప్పాను. గొడుక్కి కూడా ప్లేటుంటుందా అని పడీపడీ నవ్వారు. అది అబద్ధమని చెప్పలేదు. చెబితే పొద్దున్నకల్లా బజారంతా తెలిసిపోతుంది.

జూన్ 14, శుక్రవారం

పళ్ళ డాక్టరుకి ప్లేట్ అంటే కట్టుడుపళ్ళు అతికించే పింక్ రంగు పలక. కాలేజీలో భూగోళం సార్‌కి భూమి పైపొర ముక్కలు. మన కాళ్ళకింద అవి ఎప్పుడూ కదులుతూనే ఉంటాయట, మనకి తెలియదంతే.

జూన్ 16, ఆదివారం

గొడుగు తెరుచుకుంది.

ఈ వారం మాట ప్లేట్, మొదటి భాగం. క్లచ్ ఉంది, అచ్చు ఉంది, బ్యాటరీ ఉంది, రేకుబిళ్ళ ఉంది. నా కల్పన ఇంత పెద్ద అక్షరాల్లో. పేపరు ఎత్తి పట్టుకుని హాల్లో గెంతాను. ఆ వెంటనే పేపరు మడిచేశాను. ఆస్పత్రిలో నా నుదుటి మీద తడిగుడ్డ వేసిన చెయ్యి గుర్తొచ్చింది.

జూన్ 17, సోమవారం

చెప్పేశాను. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత టీచరమ్మని పిలిచారు.

ఆవిడ ఏడవలేదు. అరవలేదు. ఈ వయసులో నన్ను ఇంకెవరు పనిలో పెట్టుకుంటారండీ, ఆ పనే చేస్తే నా బతుకు నేనే కాల్చుకున్నట్టు కాదూ అంది పెద్దాయనతో. ఇన్నేళ్ళ పుస్తకం వచ్చే ఏడు అచ్చయ్యేది, మొదటిపేజీలో తన పేరుండేది. ఆ సంగతి ఆవిడ అనలేదు. నాకే గుర్తొచ్చింది. తర్వాత నావైపు తిరిగి, నువ్వూ నమ్ముతున్నావా అని అడిగింది. నేను ఫ్యాన్ వంక చూశాను.

రేపట్నుంచి రావద్దన్నారు పెద్దాయన. ఆవిడ కుర్చీలో దిండు తీసుకుని సంచీలో పెట్టుకుంది. సంచీ నోరు బార్లా తెరిచి ఉంది. లోపల ఉన్నది మందులూ, అల్లుతున్న ఊలు స్వెట్టరూ. ఆ మెట్లమీది ఫోన్లు ఎవరివో ఇప్పుడు అడగడానికి లేదు.

జూన్ 18, మంగళవారం

డబ్బా ఒక్కదాన్నే విప్పాను. తినలేక మూసేశాను.

జూన్ 20, గురువారం

ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ప్లేట్ అంటే విరిగిన ఎముకకి మరలతో బిగించే లోహపుపట్టీ. అక్కడ వరండాలో కర్ర పట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ మా మాటలు విని నన్ను పిలిచారు. మబ్బు పట్టిందంటే ఊరందరికన్నా ముందు నా కాలి ప్లేటుకే తెలుస్తుందమ్మా, రేడియో ఎందుకు దండగ అన్నారు. ఎంత బాగా చెప్పారో. ఇలాంటి మాట దొరికినరోజు ఎవరికి చెప్పాలి? పక్కబల్ల ఖాళీ.

తిన్నగా ఇంటికొచ్చేశాను. ఆయనకే చెప్పాను. కార్డు రాయడానికి మనసొప్పలేదు. సోమవారం చూద్దాం.

జూన్ 23, ఆదివారం, ఉదయం

ప్లేట్, రెండో భాగం.

రేడియో ఎందుకు దండగ.

టీచరమ్మ ఆఫీసులో లేదు. కార్డు నేనింకా రాయనే లేదు. పెద్దాయనకి తెలియదు. ఆ మాట నేను ఒక్కరికే చెప్పాను.

అదే రోజు, మధ్యాహ్నం

గొడుగు సంగతి కూడా ఆయనకి చెప్పాను. చెప్పి, నా చేత్తో ఈ డైరీలోనే రాసుకుని కూడా నాకు తట్టలేదు. కాంక్రీటు పరుపు మాటా చెప్పే ఉంటాను, రోజూ అడిగేవారుగా. ఊళ్ళో అందర్నీ అనుమానించే నా బుర్ర ఇంటి గడప దగ్గర ఆగిపోయింది.

జూన్ 24, సోమవారం

ఆఫీసుకని బయల్దేరి షాపుకి వెళ్ళాను. రోడ్డవతల నిలబడ్డాను.

స్టూల్ మీద ఒకాయన. తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల. ఎదురుగా మా ఆయన, యాసిడ్ మరకల చేతుల్ని గాల్లో తిప్పుతూ చెప్పేస్తున్నారు. ఆమధ్య నేను చెప్పిన భూమి ముక్కల్ని రెండు అరచేతులు ఆనించి రుద్దిమరీ చూపిస్తున్నారు. నేను చెప్పినదానికన్నా బాగా చెబుతున్నారు. ఆ మనిషి ఒళ్ళంతా చెవులు చేసుకుని వింటున్నాడు.

రోడ్డు దాటి వచ్చిన నన్ను చూడగానే మా ఆయన రండి రండి అని అతన్ని లేపి, ఇదిగోనండీ మా ఆవిడ, నే చెప్పానే, పుస్తకం రాసేది అన్నారు. ఆ గొంతులో గర్వం! అతను నమస్కారం పెట్టి, పనుందని వెళ్ళిపోయాడు. ఆ కారాయన ఇతనే. అతని బ్యాటరీ ఎప్పుడూ డౌనేనట, రెండు నెలలుగా చార్జింగ్‌కి తెస్తూనే ఉన్నాడట. దాన్ని విప్పి చూపించమన్నాను. ఆయన విప్పారు. ప్లేట్లు కొత్తగా మెరుస్తున్నాయి. దీనికేం రోగం లేదే అని తనలో తనే అనుకున్నారు.

అప్పుడు చెప్పాను. పేపరు, గొడుగు, టీచరమ్మ, అంతా.

ఆయన ఆ బ్యాటరీ మూత మళ్ళీ బిగించారు. నీ గురించి గొప్పగా చెప్పుకున్నాను, అంతేనే అన్నారు. నాకు కోపం వస్తే బావుండేది. రాలేదు. ఏడుపొచ్చింది.

జూన్ 25, మంగళవారం

పెద్దాయనకి చెప్పాను. మాట పొక్కింది మా ఇంట్లోంచి అన్నాను. దొంగ కార్డు నేనే రాశానన్నాను. రెండోదానికే ఎక్కువ బాధపడ్డారు. కార్డు తెప్పించుకుని చింపారు. నా సొరుగు తాళంచెవి అడిగారు.

జూన్ 27, గురువారం

టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. తలుపు తీశారు, లోపలికి రమ్మనలేదు. పెద్దాయన ఫోన్ చేశారట, సోమవారంనుంచి ఆవిడ మళ్ళీ ఆఫీసుకి వెళ్తున్నారట. నీ కార్డులు నాకిచ్చారు, ప్లేట్ నేను పూర్తిచేస్తాను అన్నారు. నన్ను క్షమించండి అన్నాను. మీ ఆయన నోరాగక చెప్పాడు, నన్ను ఒక్కమాట అడగడానికి నీకు నోరు లేకపోయిందా అన్నారు. తలుపు మెల్లిగా వేశారు. దభాలున వేసినా బావుండేది.

జులై 4, గురువారం

సందు చివర గొడుగులు బాగుచేసే అతను ఎవరికో చెబుతున్నాడు, ప్లేటు ఊడిపోయింది, కొత్తది వెయ్యాలి అని. ఆగి అడిగాను. పేపర్లో చూశాడట, దానికి పేరుందని అంతవరకూ తెలియదట.

ఇప్పుడు కార్డు రాయొచ్చు. రాసే ఉద్యోగం లేదు.

జులై 7, ఆదివారం

షాపులో కూడా ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదని పక్కషాపు అతను చెప్పాడు. ఇవాళ భోజనంలో మంచినీళ్ళు కావాలని చేత్తో సైగ చేశారు.