మల్బరీ కట్టెల కోసం వచ్చినవాడు

అన్నా,

ఫోన్లో చెబితే మా ఆయన వింటాడని ఉత్తరం రాస్తున్నాను.

ముదిగుబ్బ దగ్గర మా ఊళ్లో పార్టీల గొడవల్లో మా మరిదిని చంపిన రోజు, వేటకొడవలి పట్టుకుని మా వాకిట్లో నిలబడ్డ ఓబులేసు నీకు గుర్తుండే ఉంటాడు. మేము ఊరొదిలి పెనుకొండ చేరి, నేల గుత్తకు తీసుకుని, మల్బరీ వేసి, పట్టుపురుగులు పెంచుతూ ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్నాం. నిన్న ఆ ఓబులేసు మా షెడ్డు ముందుకొచ్చాడు. నేను మా పిల్ల హరిణిని లోపలికి నెట్టి బయట గడియ పెట్టాను.

"భయపడొద్దమ్మా. మమ్మల్నీ మా పార్టీవాళ్లే ఊర్లోంచి తరిమినారు. ఈ పక్క చేను గుత్తకు తీసుకున్యాం. నాటుకునేదానికి మల్బరీ కట్టెలు కావల్ల" అన్నాడు.

అప్పుడే వచ్చిన మా ఆయన కొడవలి తీసుకున్నాడు. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. ఆయన చేలోకి పోయి కట్టెలు కోసి, మోపు కట్టి, వాడి తలకెత్తాడు.

"నీడలో పెట్టుకో. ఎండితే చిగురెయ్యవు" అన్నాడు.

ఆయనకున్న ధైర్యం నాకు లేదన్నా. వాడు చెప్పింది నిజమో, మా జాడ తెలుసుకోవడానికి వచ్చాడో తెలియదు. పురుగులు గూళ్లు కట్టే సమయం, వదిలేసి ఎక్కడికీ పోలేము. నువ్వు వచ్చి హరిణిని కొన్నాళ్లు హిందూపురం తీసుకుపో. నేను రాశానని ఆయనతో అనకు. పిల్లను చూడాలనిపించి వచ్చానని చెప్పు.

ఓబులేసు వాళ్లింట్లో తన ఈడు ఆడపిల్ల ఉందా అని హరిణి పొద్దున అడిగింది. ఉందని తెలిసీ లేదన్నాను.

నీ చెల్లెలు