అన్నానికిచ్చిన బియ్యం

కుండ్లీ, ఢిల్లీ బోర్డరు

జయక్కకు తమ్ముడు పౌలురాజు వందనాలు. ప్రభువు దయవల్ల నేనూ లారీ క్షేమం. ఫోను చేస్తే నీ కూతురే మాట్లాడేసి పెట్టేస్తోంది, అందుకే ఈ కార్డు.

తిండికి బెంగపడకు. ఇక్కడ ధాబాల్లో రొట్టెలు కొంటే పప్పు ఊరికే పోస్తారు. అన్నమే ఖరీదు. అయితే మన బియ్యం మనమిస్తే కాస్త డబ్బు తీసుకుని వండిపెడతారు. పగలు లారీలను సిటీలోకి వదలరు కదా, మొన్న ఇక్కడ ఆగి, నువ్విచ్చిన బియ్యం రెండు డబ్బాలు వంటాయనకిచ్చి స్నానానికి వెళ్ళాను. గోంగూర పచ్చడి సీసా పట్టుకుని వచ్చేసరికి గిన్నెడు పాయసం!

“ఇంత చిన్న గింజ ఖీర్‌కే కదా భయ్యా!” అన్నాడు. వీళ్ళు అన్నానికి పొడుగు గింజే వాడతారట. తప్పు తనదేనని పాలకూ పంచదారకూ డబ్బు తీసుకోలేదులే.

ఏం విశేషమని పక్క లారీల డ్రైవర్లు అడిగారు. బండెక్కి నెలైందని చెప్పి అందరికీ పంచాను. ఒకాయన రొట్టెలు, ఇంకొకాయన ఆలూ కూర నా కంచంలో పెట్టారు. రొట్టెలో గోంగూర కూడా బాగానే ఉందక్కా.

చిన్నోడి చెవిపోటు తగ్గిందా? ఈసారి పచ్చడి సీసా మూత గట్టిగా బిగించు, నా దుప్పటి ఇంకా గోంగూర వాసనే.

అన్నం దొరక్క నేను నెల తిరక్కుండా ఇంటికొచ్చేస్తానని ఎగతాళి చేసిన బావకు ఈ కార్డు చదివి వినిపించు. బియ్యం మాత్రం మనవైపు నుంచి వచ్చే లారీలో ఇంకో అయిదు కేజీలు పంపు. నాకు అన్నానికి కాదు, మళ్ళీ పాయసం ఎప్పుడని ఇక్కడందరూ అడుగుతున్నారు.

పిల్లలకు ముద్దులు.