కుసుమ నెట్ పాయింట్

బావా, చేపల పులుసు వేడి చేసుకుని తిను. తిన్నాక గ్యాస్ కట్టెయ్.

పెందుర్తి స్థలం అమ్మే కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. అది అమ్మి నువ్వు పెడతానంటున్న, డబ్బులేసి వాడుకునే నెట్ పెట్టెలాంటిదే నిన్న ఆనందపురం జంక్షన్లో చూశాను. జనం దాని నీడలో నిలబడి ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటున్నారు. పక్కన పూలమ్మే ఆమెని అడిగితే, "అందులో డబ్బులెవుడేత్తాడమ్మా? అందరి సేతుల్లోనూ నెట్టే కదేటి" అంది.

దానికి "కుసుమ నెట్ పాయింట్" అని పేరు కూడా ఖాయం చేశావట. అత్త పేరుతో పెట్టిన జెరాక్స్ షాపు మూతపడితే, ఆ బోర్డే మన బాత్రూం తలుపైంది. నా పేరునైనా వదిలెయ్.

కుసుమ

ఆ తలుపు గడియ ఊడింది, బిగించు. మేకు మాత్రం అత్త పేరు మీద కొట్టకు.