శీనయ్య మడిచిన గొడుగు

2004 ఫిబ్రవరి 8, ఆదివారం

విమానం వచ్చిందట. రెండు లారీల్లో... ఒకదాంట్లో ఒళ్లు, ఇంకోదాంట్లో రెక్కలు. కాలేజీ గ్రౌండులో దింపారు. ఊరంతా అక్కడే. మా ఆయన మగ్గం వదిలి పరుగెత్తాడు. మధ్యాహ్నానికి దుమ్ము కొట్టుకొని వచ్చి, రెక్కలు పీకిన తూనీగ మాదిరి ఉండాది మే, అన్నాడు.

నేను పోలేదు. జరీ అంచు దగ్గర పోగులు తెగుతున్నాయి. ముడులు వేస్తూ కూర్చున్నా.

శీనయ్య ఉంటే... రాయను.

ఫిబ్రవరి 11, బుధవారం

సుబ్బరాయుడన్న వచ్చాడు. ఎయిర్‌ఫోర్సులో ఇంజన్లు చూసి రిటైరైన మనిషి. మా కొడుకు శీనయ్య చేత అక్కడే ఉద్యోగానికి పరీక్ష రాయించింది ఈయనే. వాడు పోయినప్పటి నుంచి ఈ వీధికి రాలేదు.

ఇవాళ వచ్చి, మంచినీళ్లు తాగి, విమానం గురించే మాట్లాడాడు. యుద్ధం చూసిన పాత మిగ్ విమానమట. ఎగరడం మానేసి చాలా ఏళ్లట. ముక్కలు కోసి తూకానికి అమ్మేస్తారని తెలిసి ఈయనా, లెక్కల బాషా సారూ ఆఫీసుల చుట్టూ తిరిగి అడిగి తెచ్చుకున్నారు. రుద్ది, రంగు వేసి, దిమ్మె మీద నిలబెడతారు. వచ్చే నెల రెండో ఆదివారం పండగ.

పాడావును కొన్న మనిషి మాదిరి దాని వయసూ, కాళ్లూ, ముక్కూ అన్నీ చెప్పాడు. శీనయ్య పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పోతూ గడప దగ్గర నిలబడి, ఒకసారి వచ్చి చూసిపోమ్మా అన్నాడు.

ఫిబ్రవరి 15, ఆదివారం

పోయాను. మా ఆయన కూడా వచ్చాడు.

రెక్కలు బిగించేశారు. రెక్క నీడలో మేకలు పడుకొని ఉన్నాయి. ఈ ఎండకు గ్రౌండులో ఇంకెక్కడా నీడ లేదు. గుంతకల్లు నుంచి, అనంతపురం నుంచి ముసలి సైనికులు టిఫిన్ క్యారియర్లతో వచ్చారు. ఒకాయన పావురాల రెట్ట గీకుతున్నాడు. ఒకాయన మరమేకులన్నీ కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్నాడు. జీతం లేదు, ఎవరూ రమ్మని అడగలేదు. అయినా ముఖాలు చూస్తే పెళ్లివారి ముఖాలు.

బాషా సారు ఒక రేకు ముక్క మీద మూడు రంగులు పూసి పట్టుకొని తిరుగుతున్నాడు. ఈ బూడిదరంగు ఆ బూడిదరంగు కాదని గొడవ. సుబ్బరాయుడన్న — "నీ పెండ్లికి కూడా ఇన్ని రంగులు చూసి ఉండవు గద సారూ." అందరూ నవ్వారు, సారు తప్ప.

ఒక ఆడమనిషి పక్కామెతో గుసగుస. ఈ విమానం తోలినాడంట వాళ్ల కొడుకు, కార్గిల్లో పోయినాడంట... తోలలేదు, గుడ్డ మడిచేవాడు, జ్వరం వచ్చి ఆస్పత్రిలో పోయినాడు అని చెప్పాను. ఆమెకు రుచించలేదు.

సుబ్బరాయుడన్న తోక దగ్గరికి పిలిచాడు. అక్కడ ఒక గూడు, దానికి మూత. విమానం దిగి నేల మీద పరుగెత్తేటప్పుడు ఈ గూట్లో నుంచి గొడుగు, పారాచూట్ అంటారే అది, బయటపడి విచ్చుకుంటుంది, విమానాన్ని వెనక్కి పట్టి ఆపుతుంది. ఆ గొడుగును మడిచి, అదిమి, ఈ గూట్లో పెట్టడం — అదే మా వాడి పని. మగ్గం వద్దని పారిపోతే ఆడ కూడా గుడ్డే ఇచ్చినారమ్మా అని వాడు నవ్వేవాడు.

గూడు ఖాళీగా ఉంది. చెయ్యి పెట్టి చూశాను. వేడి.

"మిగతా అన్నీ దొరికినాయి. గొడుగొక్కటే యాడా దొరకలేదు" అన్నాడు సుబ్బరాయుడన్న.

"మా ఇంట్లో ఒకటి ఉండాది" అన్నాడు ఆయన. నన్ను అడగకుండానే.

బాషా సారు చేతిలోని రేకు కింద పెట్టేశాడు.

ఫిబ్రవరి 17, మంగళవారం

సుబ్బరాయుడన్నా, బాషా సారూ వచ్చారు. పెట్టె తెరిచాను.

పాతదైపోయి పనికిరాదని తీసేసిన గొడుగు. అడిగి తెచ్చుకున్నాడు శీనయ్య, కడపటి సెలవులో. వీధి పొడుగునా పరిచి, ఎట్లా మడుస్తారో వాళ్ల నాయనకు చూపించాడు. ఒక్కో మడత వేసి, మోకాలితో అదిమి, నాడా కట్టి, సంచిలో దూర్చాడు. వచ్చే సెలవుకు నీకు నేర్పిస్తాలే అని నాతో అన్నాడు. అంతే, అప్పటి నుంచి విప్పలేదు.

సుబ్బరాయుడన్న సంచి మూతి తెరిచి ముఖం దగ్గర పెట్టుకున్నాడు. బాషా సారు ముట్టుకోలేదు, చేతులు వెనక్కి కట్టుకొని చూశాడు. నమాజుకు నిలబడిన మనిషి మాదిరి నెమ్మదిగా ఉన్నాడు.

పండగ నాడు విప్పి తోకకు కట్టి జనానికి చూపిస్తారట. తర్వాత అద్దాల పెట్టెలో పెడతారట.

మళ్లీ ఇట్లాగే మడుస్తారా అని అడిగాను.

"అబద్ధం చెప్పనమ్మా. నేను ఇంజను మనిషిని, నాకు రాదు. బెంగళూరులో తెలిసినాయన ఉండాడు, మడుస్తాడు. కానీ అది ఆయన మడత అయితాది."

రెండు రోజుల్లో చెబుతానన్నాను.

ఫిబ్రవరి 19

చెప్పలేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

కళ్యాణదుర్గం నుంచి పెళ్లి చీరకు వచ్చారు. తల్లీ, పెళ్లికూతురూ. మామిడిపిందె అంచు తీసుకున్నారు. ఎప్పటి మాదిరే చెప్పాను — "పెట్టెలో పెట్టి మర్చిపోవద్దు తల్లీ, అప్పుడప్పుడు తీసి మడత మార్చు. ఒకే మడతలో ఉంటే ఆ మడత కాడికి చీలిపోతాది." పుట్టినప్పటి నుంచి వింటున్న మాట, ఎందరికో చెప్పిన మాట.

నోట్లోంచి వచ్చాకే నా చెవికి వినపడింది. మగ్గం గుంటలోంచి ఆయన తలెత్తాడు. నా వైపు చూడలేదు, పెట్టె వైపు చూశాడు.

గొడుగుది పట్టు కాదు. నైలానుకు కూడా అట్లాగే అవుతుందా? ఎవరిని అడగాలి.

ఫిబ్రవరి 27, శుక్రవారం

గొడవ. చాలా రోజుల తర్వాత మాకిద్దరికీ గొడవ.

"వాడు మడిచింది విప్పేదానికే మే. దాచిపెట్టుకునేదానికి ఎవరన్నా గొడుగు మడుస్తారా?"

"విప్పితే మళ్లీ మడిచేదానికి వాడు ఉండినాడు గదా. అందుకే విప్పేవాళ్లు."

ఆయన అన్నం సగంలో లేచాడు. నేనూ తినలేదు.

మార్చి 3, బుధవారం

బాషా సారు ఒక్కడే వచ్చాడు. చేతుల నిండా బూడిదరంగు. చివరికి ఏ రంగు గెలిచిందో అడగలేదు.

గొడుగు ఇవ్వొద్దక్కా అన్నాడు. అదే కొలతకు తెల్లగుడ్డ కుట్టిస్తాడట. చూసేవాళ్లకు ఏం తెలుస్తాది అన్నాడు. మళ్లీ తనే, "నాకు తెలుస్తాది. ఏం చేస్తాం, ఓర్చుకుంటా" అన్నాడు. చిన్నప్పటి నుంచి విమానాల బొమ్మలు కత్తిరించి దాచుకున్నాడట. దగ్గరగా ఒకదాన్ని ముట్టుకోవడం ఇదే మొదలట.

కాఫీ ఇచ్చాను. గొడుగు అడగడానికి వచ్చి ఉంటే వద్దని సులభంగా చెప్పేదాన్ని.

మార్చి 7, ఆదివారం

ఇవాళ సుబ్బరాయుడన్నకు నేనే ఒక మాట చెప్పి పంపాను. విప్పకుండా, సంచిలోంచి తీసి, ఉన్నదున్నట్టు తోక గూట్లో పెట్టి మూత వేయండి. అది ఉండాల్సిన చోటు అదే. జనానికి కనపడకపోతే పోయింది.

వెంటనే ఒప్పుకున్నాడట. లోపల ఉండాదని మాకు తెలిస్తే చాలు అన్నాడట.

అన్నం సయించింది.

మార్చి 13, శనివారం

రేపే పండగ. పొద్దున్నే గొడుగు తీసుకొని పోయాము. విమానం దిమ్మె మీద ఉంది, కొత్తరంగుతో. బాగుంది. చెడ్డగా ఉందని ఎట్లా రాసేది.

నిచ్చెన వేశారు. ఆయనే ఎక్కాడు. గొడుగును సంచిలోంచి తీసి గూట్లో దూర్చాడు. మూత పడలేదు. సుబ్బరాయుడన్న ఎక్కి అదిమాడు. పడలేదు. నాలుగు వేళ్ల మందం పైకే ఉంది. బాషా సారు భుజం పెట్టబోయాడు, చినుగుతాదని సుబ్బరాయుడన్న పట్టి లాగేశాడు.

"ఇన్నేండ్లు ఊరకే ఉండి ఉబ్బినాదమ్మా. విప్పి, మళ్లీ బిగువుగా మడిస్తేనే పడతాది."

నిచ్చెన కింద నిలబడి ఉన్నాను. అందరూ నా వైపు చూసి, చూడనట్టు తిరిగారు. టీ తాగొస్తామని పోయారు, అంతమందీ ఒకేసారి.

ఆయన గొడుగు దించి నా చేతుల్లో పెట్టాడు. ఇంటికి తెచ్చేశాము.

ఇప్పుడు సాయంత్రం. నేసిన చీరను ఇద్దరం చెరో కొసా పట్టుకొని మడుస్తాము, పెళ్లయినప్పటి నుంచి. దీన్ని కూడా విప్పి అట్లాగే మడుద్దాం, వాడు వేసేది నేను చూసినాను గదా, కొంచెం కొంచెం గుర్తుండాది అంటాడు ఆయన. నాకు కూడా కొంచెం గుర్తుంది. ఆయనకు గుర్తున్నదీ నాకు గుర్తున్నదీ ఒకటేనో కాదో.

వీధి ఊడ్చి నీళ్లు చల్లి వచ్చాడు. తడి ఆరాలి కదా అన్నాను. ఆరిపోయినాది, రా మే, అంటున్నాడు బయటి నుంచి.