చాందినీ తిన్న ఓట్లు

అశ్వవిహార్, పెర్కిట్
12 ఫిబ్రవరి 2006

జిల్లాలోని సమస్త పశువులకూ కాబోయే వైద్యుడు, నా చెడ్డీ దోస్త్ సఫ్వాన్‌కు,

ముందుగా క్షమాపణలు. నీ చదువు మధ్యలో ఊరి గోల దూర్చబోతున్నందుకు, నా చేతిరాతకు, నా ఎం.ఏ. పొలిటికల్ సైన్స్‌కు, నన్ను పాస్ చేసిన యూనివర్సిటీ తరఫున కూడా, తల వంచి, రెండు చేతులూ జోడించి, ఆర్మూర్ గుట్ట రాళ్ల సాక్షిగా వేడుకుంటున్నాను. మనసులో పశ్చాత్తాపం అణువంత కూడా లేదు. మేనేజర్ హోదాలో రాస్తున్న మొదటి ఉత్తరం కదా, గంభీరంగా మొదలుపెడదామనుకున్నాను. ఫోన్ చేయొచ్చు. కానీ సెల్‌లో నిమిషాలు కరిగిపోతుంటే నాకు అబద్ధాలు కూడా సరిగా రావు.

మా సంస్థానం నువ్వింకా చూడలేదు. నడిపయ్య సేటు బెంగుళూరు పోయినప్పుడు ఎవరో ఇలాంటిది చూపించారట: చుట్టూ ప్రహరీ, గేటు దగ్గర సలాం కొట్టే మనిషి, మధ్యలో గుర్రాల మైదానం, దాని చుట్టూ ఇళ్లు. తిరిగొచ్చి హైవే పక్కన అచ్చం అలాంటిదే కట్టేశాడు. ఇళ్లు పన్నెండు. అన్నీ పసుపు పండించేవాళ్లూ పసుపు కొనేవాళ్లూ తీసుకున్నారు. రంగుల కాగితంలో గుర్రాలు ఆరు అని వేయించాడు. ప్రస్తుతానికి ఉన్నది ఒక్కటే, మీ చాందినీ. ఆటోలొచ్చి టాంగాలు మూలకు పడ్డాక మీ ఇంటి ముందు మేత మేస్తూ నిలబడిన ముసలిదే, ఇప్పుడు తెల్లటి కంచె లోపల మహారాణి. మీ అబ్బా, మా మన్సూర్ చాచా, రైడింగ్ మాస్టర్. ఇంతవరకు నీకు తెలుసు.

మొదటి సవారీ సంగతి మాత్రం ఆయన నీకు చెప్పి ఉండడు. ఏడో నంబరు ఇంటాయన హెల్మెట్ పెట్టుకొని, ఫొటో దిగి, జీను మీద కూర్చున్నాడు. చాందినీ పద్నాలుగేళ్లు టాంగా లాగిన ప్రాణం. ఎవరైనా ఎక్కారంటే బస్టాండుకే అని దాని లెక్క. చాచా వద్దంటున్నా వినకుండా మైదానం దాటి, గేటు దాటి, సలాం స్వీకరించి, ఆర్మూర్ పాత బస్టాండు దాకా నడిచి, తను పూర్వం నిలబడే చోటే నిలబడింది. నేను వెళ్లేసరికి ఒక ముసలమ్మ మూట దించి, అంకాపూర్‌కు ఎంత తీసుకుంటావని ఆయన్ని అడుగుతోంది. ఆయనను ఆటోలో తెచ్చాను. ఆ తర్వాత ఎవరూ గుర్రమెక్కలేదు.

ఇక అసలు సంగతి. పసుపు తవ్వకాలు జోరుగా ఉన్నాయి. ఉడికించిన కొమ్ములు ఆరబోయడానికి జాగా కావాలి. నీకూ నాకూ అది గుర్రాల మైదానం. నాలుగో నంబరు ముత్తెమ్మకు అది కళ్లం. కమ్మర్‌పల్లిలో ఆమెకు పదెకరాల పసుపు ఉంది. కంచె పట్టుకొని అరగంట నిలబడి, నన్ను పిలిచింది.

"సారూ, గింత మంచి కళ్లంల ఒక్క గుర్రాన్ని తిప్పుడేంది? కోళ్లు రావు, గొడ్లు రావు. పసుపు కోసమే కట్టినట్టున్నది."

ఆమె అడిగాక మిగతా ఇళ్లకూ నోరొచ్చింది. నడిపయ్య సేటుకు ఎవరితోనూ చెడడం ఇష్టం లేదు. మార్చి ఐదున ఓట్లు పెట్టాడు. కళ్లం గెలిస్తే చాందినీని అమ్మేస్తారు, లాయం పసుపు గోదాం అవుతుంది, మీ అబ్బాకు సెలవు. నీకు చెప్పొద్దని చాచా నాతో ఒట్టు వేయించుకున్నాడు. అందుకే చెప్పట్లేదు, రాస్తున్నాను.

నీ
సుకుమార్ (మేనేజర్, అశ్వవిహార్, స్టాంపు ఇంకా చేయించలేదు)


రాజేంద్రనగర్, హైదరాబాద్
18 ఫిబ్రవరి 2006

నవ్వించి ఏడిపించే దోస్తుకు సలాం,

బస్టాండు సంగతి చదివి హాస్టల్ మొత్తానికి వినిపించాను. చివరి పేజీ మాత్రం వినిపించలేదు.

అబ్బాకు ఫోన్ చేస్తే "సబ్ ఖైరియత్ బేటా, అంతా మంచిగనే ఉన్నది, చాందినీకి నాడాలు కొట్టించిన" అని పెట్టేశాడు. ఆయన ఎంత తక్కువ మాట్లాడితే అంత కష్టంలో ఉన్నట్టు. సుకుమార్, టాంగా పోయిన రెండేళ్లు ఆయన ఇంట్లో ఎలా కూర్చున్నాడో నువ్వు చూశావు. ఎవరితో మాట్లాడలేదు, గడ్డం గీసుకోలేదు. ఈ లాయం దొరికాక మనిషయ్యాడు. మళ్లీ ఆ గోడ వైపు తిరిగి పడుకునే మనిషిని నేను చూడలేను.

షాద్‌నగర్ దగ్గర కోళ్ల దాణా కంపెనీలో ఉద్యోగం ఉంది, డిగ్రీ అక్కర్లేదన్నారు. ఐదో తారీకు తేడా వస్తే ఏప్రిల్ పరీక్షలు రాయను. చేరిపోతాను, ఆయన్ని నా దగ్గరికి తెచ్చుకుంటాను. నువ్వు వద్దంటావని తెలుసు. అనకు.

ఒక్కటే మాట. నీ తెలివి చూపించకు. ఓట్లు సక్కగా జరగనీ. దొంగ గెలుపు అబ్బాకు అక్కర్లేదు.

నీ
సఫ్వాన్


అశ్వవిహార్
26 ఫిబ్రవరి 2006

నీతిమంతుడైన నా డాక్టర్ సాబ్‌కు,

నా మీద ఇంత నమ్మకముంచినందుకు ధన్యవాదాలు. ఎన్నికల అధికారి నేనే. రాజనీతి శాస్త్రం ఎందుకు చదివావురా అని మా నాన్న ఏడేళ్లుగా అడుగుతున్న ప్రశ్నకు దేవుడు ఇప్పుడు జవాబిచ్చాడు.

కాగితం మీద టిక్కు పెడితే ఫలానా వాళ్ల చెయ్యి అని పోల్చుకుంటారట. కాబట్టి కాగితం లేదు. లాయంలో చాందినీ ఉండే గదికి పరదా కడతాం. లోపల ఒక పళ్లెంలో ఉడికించిన పసుపు కొమ్ములు, ఇంకో పళ్లెంలో ఉలవ ముద్దలు, పక్కన మూతి చిన్న కుండ. కళ్లం కావాలనే ఇల్లు ఒక కొమ్ము వేయాలి, గుర్రం కావాలనే ఇల్లు ఒక ముద్ద వేయాలి. ఈ ఏర్పాటు నాదే. చాలా గర్వంగా ఉంది. ఇందులో ఏదైనా లోపముంటే ప్రపంచంలో నేనొక్కడినే కనిపెట్టలేకపోయి ఉంటాను.

చాచా ప్రచారం చేయడం లేదు. పొద్దున్నే చాందినీని తోమి, ప్రతి ఇంటి ముందూ కాసేపు ఆపి, సలాం చెప్పి, ఏమీ అడగకుండా వచ్చేస్తాడు. పదకొండు ఇళ్లవాళ్లూ ఆయన చెయ్యి పట్టుకొని, మా ఓటు నీకేనని మాటిచ్చారు. ఏడో నంబరాయన తల్లి మీద ఒట్టేశాడు. ముత్తెమ్మ ఒక్కతే గడపలోనే నిలబెట్టి చెప్పింది.

"మన్సూర్ అన్నా, నీ మీద నాకేం కోపం లేదు. నా ఓటు పసుపుకే. రేపెవరో చెప్తే ఇనేకంటే నేనే చెప్తున్న."

చాచా ఆమెకు మిగతావాళ్ల కంటే కాస్త వంగి సలాం చేశాడు. తిరిగొచ్చి నాతో, పదకొండు మనవి, ఒక్కటి ఆమెది అన్నాడు. ముద్దలు తనే వండుతానని, కొంచెం బెల్లం వేస్తానని కూడా అన్నాడు. ఓటు రుచిగా ఉండాలట.

నువ్వు పరీక్షలకు చదువు. కోళ్ల దాణా వాసన నీకు పడదు.

నీ
సుకుమార్


అశ్వవిహార్
5 మార్చి 2006, సాయంత్రం

దోస్త్,

గెలిచాం. ఎనిమిది నాలుగు. ఇక కూర్చొని చదువు.

వివరం కావాలి కదా. పదకొండింటికల్లా పన్నెండు ఇళ్లూ ఓటేసి, నా పుస్తకంలో సంతకాలు చేశాయి. లెక్కింపుకు ముందు నడిపయ్య సేటు అందరినీ చాయకు పిలిచాడు. పరదా దగ్గర కాపలాకు నన్ను ఉంచి చాచా కూడా వెళ్లాడు. చాందినీ బయట చెట్టు నీడలో ఉంది. అది తన వేళకు తన గదికి వచ్చింది. ఎవరి గదికి వాళ్లు పోవడాన్ని నేనెలా ఆపను? ఒక సిగరెట్టు కోసం అటు తిరిగాననుకో. పరదా తీసి చూస్తే ముద్దల పళ్లెం నాకినంత శుభ్రంగా ఉంది, కుండ పగిలి ఉంది. కుండలో పడిన ముద్దలు ఒక్కటీ మిగల్లేదు. బెల్లం వేసిన పాపం చాచాదే.

తనకు పడిన ఓట్లన్నీ తనే తినేసిన అభ్యర్థిని నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చదవలేదు.

పెంకుల మధ్య నాలుగు పసుపు కొమ్ములు ఉన్నాయి. నడిపయ్య సేటు అవి అరచేతిలో పెట్టుకొని కాసేపు చూసి, సంతకాలు పన్నెండు, కొమ్ములు నాలుగు, కాబట్టి కడుపులోవి ఎనిమిది అని తీర్పు చెప్పాడు. నేను అభ్యంతరాలున్నాయా అని మూడుసార్లు అడిగాను. ముత్తెమ్మ ఒక్కతే లేచింది.

"గా నాలుగిట్ల ఒక్కటి నాది. కడమ మూడు ఎవ్వలియి?"

అందరూ తమ చెప్పులు చూసుకున్నారు.

చాచా గదిలోకి పోయి, చాందినీ మెడ మీద తల ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. నేను పెంకులు ఊడుస్తున్నట్టు నటించాను.

నీ
సుకుమార్


రాజేంద్రనగర్
13 మార్చి 2006

ప్రియమైన ఎన్నికల అధికారికి,

అబ్బా ఫోన్‌లో పావుగంట మాట్లాడాడు. ఆయన అంతసేపు మాట్లాడడం నా జీవితంలో ఇదే మొదటిసారి. దాణా కంపెనీకి రానని చెప్పేశాను. పరీక్ష ఫీజు కట్టాను.

కానీ ఒక సంగతి మింగుడు పడడం లేదు. పదకొండు ఇళ్లు మాటిచ్చాయి, ఎనిమిది నిలబెట్టుకున్నాయి. ఆర్మూర్‌లో అంత మంచితనం ఎప్పటినుంచి? నువ్వు సిగరెట్టు తాగవు కూడా. అబ్బా ఆ ఎనిమిది ఇళ్లకు సేమియా పంపాలంటున్నాడు, ఏ ఎనిమిదో తెలియక మొత్తం పన్నెండుకూ పంపుతాడట.

నా మీద ఒట్టేసి చెప్పు. ఏమైనా చేశావా?

నీ
సఫ్వాన్


అశ్వవిహార్
24 ఏప్రిల్ 2006

డాక్టర్ సఫ్వాన్ గారికి,

నెలన్నర జవాబు రాయలేదు. నీ చివరి పేపరు మొన్న అయిపోయిందని, జవాబు కాగితాలు కట్ట కట్టి తీసుకెళ్లారని మీ హాస్టల్ వార్డెన్‌కు ఫోన్ చేసి రూఢి చేసుకున్నాకే కలం పట్టాను. ఇక నువ్వు కోపంతో ఏ కంపెనీలో చేరినా డాక్టరుగానే చేరాలి.

ముందు ఇక్కడి వార్తలు. మన మైదానం ఇప్పుడు ఖాళీగా ఉండడం లేదు. ఆ నలుగురిలో తాము లేమని చూపించుకోవడానికి ఇంటికొకరు పొద్దున్నే వచ్చి వరుసలో నిలబడుతున్నారు. ఏడో నంబరాయన రోజూ ఎక్కుతున్నాడు. కళ్లు మూసుకొని ఎక్కుతాడు, అయినా ఎక్కుతాడు. చాచా కళ్లెం పట్టుకొని ఒక్కొక్కరినీ రెండేసి చుట్లు తిప్పి, వీపు నిటారుగా పెట్టమని గదమాయిస్తున్నాడు. చాందినీ ఒక్కతే అలసిపోతోందని నడిపయ్య సేటు రెండో గుర్రాన్ని వెతుకుతున్నాడు, బేరానికి చాచానే వెంట తీసుకుపోయాడు. నీ అబ్బా పొద్దున్నే గడ్డం గీసుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని వస్తున్నాడు.

ముత్తెమ్మ పసుపును లోపలి సిమెంటు రోడ్ల మీద ఆరబోసుకుంది. నేనే అనుమతి రాసిచ్చాను. ఎందుకిచ్చానంటే, ఓట్ల రోజు అందరూ వెళ్లాక ఆమె ఆగింది. నా తెల్ల చొక్కా జేబు వైపు చూసింది.

"సారూ, నీ కీస పచ్చగైంది. ఉడకబెట్టిన పసుపు, ఉతికితే పోదు."

నేను చొక్కా మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అంతకంటే తెలివైన పని తోచలేదు. ఆమె వెళ్తూ వెళ్తూ, తిరిగి చూడకుండానే అంది:

"నేనెవ్వలికి చెప్ప. మన్సూర్ అన్న మొకం మీద అబద్ధమాడినోళ్లు అడగలేరు. అడిగితే దొరుకుతరు."

అలాగే జరిగింది. ఎవరూ అడగలేదు. అడగాలంటే, తాను చాచాకు మాటిచ్చి కొమ్ము వేశానని లేచి చెప్పాలి కదా.

నువ్వు తలపట్టుకొనే ముందు ఒప్పుకోవాల్సినవి, ఒప్పుకోనవసరం లేనివి వేరు చేస్తున్నాను. చాందినీని నేను విప్పలేదు, అది తనే వచ్చింది. ముద్దలు నేను తినిపించలేదు. కుండ నేను పగలగొట్టలేదు. లెక్క నేను చెప్పలేదు, సేటే చెప్పాడు. ఎవరినీ బెదిరించలేదు, బతిమాలలేదు. నా మొదటి ఉత్తరంలోని క్షమాపణలన్నీ ఉత్తవే, తిరిగి పంపెయ్. ఇది ఒక్కటి నీ దగ్గర ఉంచుకో, చాచాకు మాత్రం చూపించకు.

నేను పరదా తీసేసరికి పెంకుల్లో కొమ్ములు తొమ్మిది ఉన్నాయి. ఐదు నేను తీశాను.

నీ
సుకుమార్