పేరు మడిచిన అర్జీ

అక్కా,

ఎండాకాలమంతా నీ గడప తొక్కలేదని అలిగావట. కౌన్సిలర్‌నయ్యాక ఇదే మొదటి వేసవి కదా! ఆటల పోటీలు, మొక్కల పంపకం, వారం వారం వార్డు సభ. తీరిగ్గా కూర్చుంటే ఒట్టు.

సభలో అర్జీల మీద పేరు మడిచి ఇవ్వమంటాను. పైకి చదివి, గడువు చెప్పాకే మడత విప్పుతాను. అలాగైతే నావాళ్ళు, పరాయివాళ్ళు అన్న మాట రాదు. పోయిన వారం ఒకటి చదివాను: "మా ఇంటి కుళాయి రెండు నెలలుగా కారుతోంది. ఎన్నిసార్లు చెప్పినా 'చూద్దాం' అంటున్నారు."

నాకు ఒళ్ళు మండింది. "ఎవరండీ ఆ బాధ్యత లేని మనిషి? మూడు రోజుల్లో నేను బాగుచేయిస్తాను!" అన్నాను.

విప్పితే మీ మరిది పేరు! రాత గుర్తుపడతానని టైపు కొట్టించి మరీ తెచ్చారు. వెనక వరసలో చేతులు కట్టుకుని బుద్ధిమంతుడిలా కూర్చున్నారు. హాలంతా గొల్లుమంది. నేనూ పడీపడీ నవ్వాను.

కుళాయి బాగయింది. నిన్నటి సభలో మళ్ళీ అర్జీ: "మా ఇంటావిడని ఒక్క ఆదివారం మాకు ఇప్పించండి." నన్ను నోరు తెరవనివ్వకుండా అందరూ చేతులెత్తి ఆమోదించారు.

ఆ ఆదివారం మీ ఇంటికే వస్తున్నాం. నీ అలక కూడా కాగితం మీద రాసి ఉంచు. పేరు మడవక్కర్లేదు.

నీ బాధ్యత లేని
చెల్లి